పాచిక వేయాలా, సంచిలోంచి తీయాలా?

పాచికల ఆటకు ప్రోగ్రామ్ రాసేటప్పుడు అంకె తెప్పించడానికి రెండు దారులున్నాయి. మొదటిది అందరూ రాసేదే: ప్రతిసారీ 1 నుంచి 6 లోపు ఒక అంకెను కొత్తగా అడగడం. పైథాన్‌లో రాండ్‌ఇంట్‌తో ఒక్క లైను పని. ఇంతకుముందు ఏం పడిందో దానికి గుర్తుండదు, అచ్చం నిజం పాచికలాగే. చిక్కూ అక్కడే ఉంది. వరుసగా 10 సార్లు వేసినా ఒక్క 6 కూడా పడకపోయే అవకాశం సుమారు 16 శాతం. లెక్క సరైనదే, కానీ ఆడేవాళ్లు ఊరుకోరు, "ఇందులో ఏదో మోసం ఉంది" అంటారు.

రెండోది సంచి పద్ధతి. ఆరు అంకెలనూ లిస్టులో వేసి, కలిపి, ఒక్కొక్కటే తీస్తాం; అయిపోతే మళ్లీ నింపుతాం. ఇప్పటి టెట్రిస్‌లో 7 ముక్కలూ ఇలాగే వస్తాయి. రెండు 6ల మధ్య మహా అయితే 10 వేరే అంకెలు పడతాయి. కానీ ఐదు చూసినవాడికి ఆరోది తెలిసిపోతుంది, ఇక టెన్షన్ ఎక్కడ? అందుకే నేనైతే ఒక్కో అంకెను 3 సార్లు వేసి, సంచిని 18 అంకెలతో నింపుతాను.

కలపడం మాత్రం సొంతంగా రాయకండి. ప్రతి స్థానాన్నీ ఏదో ఒక స్థానంతో మార్చేస్తే చాలనిపిస్తుంది. 3 అంకెలకు అలా 27 దారులు వస్తాయి, వరుసలేమో 6. సమానంగా పంచలేం! లైబ్రరీలోని షఫుల్ వాడితే ఆ తలనొప్పి ఉండదు.

పందెం ఆటకైతే నా ఓటు మొదటిదానికే. సరదా ఆటకు సంచి. పరీక్షించేటప్పుడు దేనికైనా ఒకే సీడ్ (అంకెల వరుసను మొదలుపెట్టే సంఖ్య) ఇవ్వండి, అదే వరుస మళ్లీ వస్తుంది కాబట్టి బగ్ తేలిగ్గా దొరుకుతుంది.