కీబోర్డు బాగానే ఉంది, ఎఫ్, జె గీతలే వేలికి తగలడం లేదు

నాలుగొందల లోపు వచ్చే వైరు కీబోర్డు నుంచి మరీ ఎక్కువ ఆశించకూడదు, నిజమే. ఆ ధరకి ఇది బాగానే ఉంది: కీలు మెత్తగా దిగుతున్నాయి, స్పేస్ బార్ ఏ మూల నొక్కినా పడుతోంది, అర్ధరాత్రి టైప్ చేసినా పక్క గదిలో వాళ్లకి నిద్రాభంగం లేదు. కంపెనీ పేరు రాయను, చవక కీబోర్డులు చాలావాటిలో ఇదే తంతు. ఎఫ్, జె కీల మీద ఉండాల్సిన ఉబ్బెత్తు గీతలు దీనికి ఉన్నాయంటే ఉన్నాయి, లేవంటే లేవు. లైటు కింద వంచి చూస్తే కనిపిస్తాయి, వేలికి మాత్రం తగలవు. మరి కంటి కోసం పెట్టినవా అవి?

ఇంత చిన్న గీతకి రెండు స్టార్లు కోస్తారా అంటే, కోస్తాను. కీబోర్డు చూడకుండా టైప్ చేసేవాళ్లకి చూపుడువేళ్ల చోటు ఎఫ్, జె. అవి కుదిరితే మిగతా వేళ్లు ఎడమవైపు ఎ, ఎస్, డి మీదా, కుడివైపు కె, ఎల్, సెమీకోలన్ మీదా వాటంతట అవే పడతాయి, అక్కడి నుంచి ఏ కీ ఎంత దూరమో చేతికే తెలుసు. మౌస్ పట్టుకుని వచ్చిన ప్రతిసారీ కుడిచేయి జె ఎక్కడుందో వెతుక్కోవాలి, ఆ వెతుకులాట లేకుండా చేసేది ఆ గీతే. ఆపిల్ వాళ్ల పాత మాక్ కీబోర్డుల మీద ఈ గుర్తులు డి, కె మీద, అంటే నడిమివేళ్ల కింద ఉండేవి, తర్వాత వాళ్లూ ఎఫ్, జె దారికే వచ్చారు.

నేను తెలుగుని ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరికలో కొడతాను. అందులో ఎఫ్ మీద గుడి, జె మీద ర. 'రి' రావాలంటే ముందు జె, వెంటనే ఎఫ్, రెండు చూపుడువేళ్లూ ఉన్నచోటే ఉండి అక్షరం తయారు. చేతులు రెండూ ఒక్క కీ కుడికి జరిగాయనుకోండి, అదే 'రి' కాస్తా 'కు' అయి కూర్చుంటుంది. కాగితం చూసి కొట్టేవాళ్లం తలెత్తి స్క్రీన్ చూసేసరికి సగం లైను గోవిందా. అన్నట్టు, బజార్లో దొరికే తెలుగు అక్షరాల స్టిక్కర్లు అన్ని కీలకీ అంటించేస్తుంటారు కదా, అసలే అంతంతమాత్రం గీత ఆ స్టిక్కర్ కింద పూర్తిగా మునిగిపోతుంది. అంటించాలనుకుంటే ఎఫ్, జె రెండూ వదిలేయండి, ఆ రెండు అక్షరాలు ఎలాగూ ముందే గుర్తుండిపోతాయి.

నంబర్ ప్యాడ్‌కి మాత్రం వంక పెట్టను. 5 మీద బుడిపె గట్టిగా తగులుతోంది, నడిమివేలు దాని మీద పెడితే బిల్లుల అంకెలు తల దించకుండా కొట్టేయొచ్చు. కంప్యూటర్ ప్యాడ్‌లో 7, 8, 9 పైన ఉంటాయి, ఫోన్లో, ఏటీఎంలో 1, 2, 3 పైన ఉంటాయి, అయినా నడిమధ్య ఉండేది 5 కాబట్టి రెండు చోట్లా గుర్తు దానికే. చూపు లేనివాళ్లు ఏటీఎంలో పిన్ కొట్టేటప్పుడు ఆ చుక్కని పట్టుకునే మిగతా అంకెలు లెక్కేసుకుంటారు. చాలామంది ఈ చుక్కనీ గీతనీ బ్రెయిలీ అనుకుంటారు, కాదు, ఇవి చేతికి చోటు చెప్పే గుర్తులు, అంతే. బ్రెయిలీ సంగతి వేరే: 2014 జులై 1 నుంచి కొత్తగా పెట్టే ప్రతి ఏటీఎం బ్రెయిలీ కీప్యాడ్‌తో, మాట్లాడే ఏటీఎంగా ఉండాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. కొన్ని షాపుల్లో కార్డు గీసే మెషిన్లు ఇప్పుడు నున్నటి అద్దం స్క్రీన్‌తో వస్తున్నాయి, వాటి మీద 5 ఎక్కడుందో వేలికి ఎలా తెలియాలో ఆ తయారుచేసినవాళ్లే చెప్పాలి.

ఇప్పటికే ఇలాంటి కీబోర్డు కొనేసి ఉంటే పారేయక్కర్లేదు. ఆ రెండు కీలు పైకి లాగి, బయట పెట్టి, కింది అంచు దగ్గర గోళ్ల రంగు ఒక్క చుక్క వేసి పూర్తిగా ఆరనివ్వండి, చాలకపోతే దాని మీదే ఇంకో చుక్క. కీ ఊడదీయకుండా వేస్తే సందులోకి జారి కీ పట్టేస్తుంది. నేను అలాగే నడిపిస్తున్నాను, జె చక్కగా తగులుతోంది, ఎఫ్ చుక్క కాస్త ఎత్తు ఎక్కువైంది. కొత్తగా కొనేవాళ్లు షాపులో డబ్బా విప్పించి కళ్లు మూసుకుని ఒకసారి తడిమి చూడండి, ఆన్‌లైన్‌లో అయితే ఎఫ్, జె దగ్గరగా తీసిన ఫొటో ఉన్న రివ్యూలు వెతకండి. వైరు కొంచెం పొట్టి, సీపీయూ టేబుల్ కింద దూరంగా ఉంటే అందదు. మూడు స్టార్లు.