క్వారీ: ఉచితమే, కానీ లెక్క జాగ్రత్త

బెంగళూరులో కూర్చుని తెలుగు వికీపీడియాలో ఎవరు, ఎప్పుడు, ఎంత రాశారో లెక్క తీయాలనుకునే పరిశోధకులకు వికీమీడియా వారి క్వారీ (వికీల డేటాబేసులను బ్రౌజరులోనే ప్రశ్నించే వెబ్ పరికరం) బాగా పనికొస్తుంది. సొంత సర్వరు అక్కర్లేదు, రుసుము లేదు. వికీ ఖాతాతో లాగినై, డేటాబేసు దగ్గర తెలుగు వికీపీడియా పేరైన ‘టీఈవికీ_పీ’ (tewiki_p) ఇచ్చి, డేటాబేసును ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌లో క్వెరీ, అంటే ప్రశ్న, రాస్తే చాలు.

అసలు చిక్కు సమయంతోనే. ప్రతి మార్పూ నమోదయ్యే రివిజన్ పట్టికలో అది 14 అంకెల్లో, యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. 5:30 గంటలు కలపకపోతే ఇక్కడ తెల్లవారుజామున 3 గంటలకు చేసిన మార్పు ముందురోజు ఖాతాలో పడుతుంది. బాట్లను, అంటే వాటంతటవే మార్పులు చేసే ప్రోగ్రాముల ఖాతాలను, వడకట్టకపోతే ఇంకా ఘోరం. వాడుకరుల ప్రస్తుత హోదాలుండే యూజర్_గ్రూప్స్ పట్టిక ఒక్కటే చూస్తే చాలదు; హోదా తీసేసిన పాత బాట్ల కోసం యూజర్_ఫార్మర్_గ్రూప్స్ కూడా వెతకాలి.

30 నిమిషాలు దాటిన క్వెరీని క్వారీ మధ్యలోనే ఆపేస్తుంది. ఒక్క వాడుకరి దిద్దుబాట్లే కావాలంటే రివిజన్ బదులు రివిజన్_యూజర్‌ఇండెక్స్ వాడండి, త్వరగా తేలుతుంది. వ్యాసాల పాఠ్యం ఇందులో దొరకదు, దానికి డంపులే (వికీ మొత్తాన్ని దించుకునే ఫైళ్లే) దిక్కు. ఫలితాల సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగు గజిబిజి కావచ్చు. యూటీఎఫ్-8గా ఇంపోర్ట్ చేసుకోవాలి. అన్నట్టు, మీ క్వెరీలు అందరికీ కనిపిస్తాయి, గైడుగారితో సహా.