చంకలో పెట్టే 220 రూపాయల థర్మామీటర్, ఏడాది వాడాక

మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి, మా బుడ్డోడికి మూడేళ్ళు. పోయిన జూన్‌లో ప్లేస్కూల్లో వేశాం, అంతే, ఆ రోజు నుంచి వాడి ముక్కు ఆరింది లేదు. రొంప, దగ్గు, రెండ్రోజులు జొరం, తగ్గిందని పంపితే పదిహేను రోజులకి మళ్ళీ మొదలు. మా అత్తయ్య దిష్టి అంటారు, పక్కింటి ఒడియా మావుసి గేటు దగ్గర కనబడితే చాలు "జొరొ హెలా కి", అంటే జొరమొచ్చిందా అని అడుగుతుంది.

ముందు ఆన్‌లైన్లో 1400 పెట్టి నుదుటికి చూపించే గన్ కొన్నాను, దండగ. ఫ్యాన్ కింద పడుకున్నోడికి పెడితే 97 చూపిస్తుంది, ఒళ్ళేమో పెనంలా కాలిపోతోంది. ఎండలోంచి వచ్చాక పెడితే 101, వాడేమో హాయిగా సైకిల్ తొక్కుతున్నాడు! ఇప్పుడు దాంతో వాడే పోలీసాట ఆడుకుంటున్నాడు.

తర్వాత పాతపట్నంలో మా పిన్ని వాళ్ళింట్లో ఈ పుల్లలాంటి డిజిటల్‌ది చూసి, ఇక్కడ మెడికల్ షాపులో 220కి తెచ్చుకున్నా. చంకలో చెమట తుడిచి, కొన చర్మానికి తగిలేలా పెట్టి, చెయ్యి ఒంటికి ఆనించి పట్టుకోవాలి. మా దాని మీద పది సెకన్లని రాసుంది గానీ నమ్మకండి, నిమిషం దాకా బీప్ కొట్టదు. ఆ నిమిషం వాణ్ణి కదలకుండా ఆపడమే అసలు పని, నేనైతే ఒళ్ళో కూర్చోబెట్టుకుని వీధిలో ఎన్ని కుక్కలున్నాయో లెక్కపెట్టిస్తా. లోపమంటే స్క్రీన్‌కి లైట్ లేదు, అర్ధరాత్రి ఫోన్ టార్చ్ నోట్లో పెట్టుకుని చూడాల్సిందే.

దీనివల్ల నాకు జరిగిన మేలు ఏంటంటే ఒక నోట్‌బుక్ మొదలైంది. తేదీ, టైము, నంబరు, సిరప్ ఎప్పుడేశానో. అంతకుముందు వెళ్ళిన క్లినిక్‌లో ఏమీ అడక్కుండానే ప్రతిసారీ యాంటీబయాటిక్ రాసిచ్చేవారు, నేనూ నోరెత్తకుండా పట్టించేదాన్ని. ఇప్పటి డాక్టర్‌గారు నోట్‌బుక్ తిరగేసి, మధ్యలో వారాలకి వారాలు మామూలుగా ఉంది, బరువు పెరుగుతోంది, ఆడుకుంటున్నాడు, ఇదంతా ఒకటే జబ్బు కాదమ్మా, వచ్చిన ప్రతిదీ వేరే వైరస్, ఈ వయసులో ఏడాదికి 6 నుంచి 8 సార్లు రొంప మామూలే, స్కూల్లో వేసిన కొత్తలో ఇంకా ఎక్కువ, యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచెయ్యదు అన్నారు. 100.4 దాటితేనే జొరం అని, చంకలో కొంచెం తక్కువే చూపిస్తుందని కూడా చెప్పారు. ఇంకోటి, పారాసిటమాల్ సిరప్ 5 ఎంఎల్‌కి 120 మిల్లీగ్రాములది ఉంటుంది, 250ది ఉంటుంది, సీసా మారితే డోసు మారిపోతుంది. మా ఇంట్లో రెండూ ఉన్నాయని అప్పటిదాకా నాకే తెలీదు, తల్చుకుంటే భయమేసింది.

ఆగస్టులో ఒకసారి మాత్రం రొంప లేదు దగ్గు లేదు, ఒణుకుతో 103. మన గజపతి జిల్లా సంగతి తెలుసుగా, వానాకాలం మలేరియా. తెల్లారగానే ఆశా వర్కర్ దీదీ వచ్చి వేలు గుచ్చి కిట్‌లో చూసింది, నెగటివ్, పైసా తీసుకోలేదు. రొంప లేని జొరమైతే ఇంట్లో కూర్చోకండి, ముందు ఆ పరీక్ష చేయించండి.

బ్యాటరీ బొత్తాంలాంటిది, ఏడాదిలో ఒక్కసారే మార్చా. అప్పుడు మూత కాస్తా వాడు మోరీలో పడేశాడు, ప్లాస్టర్ అంటించి వాడుతున్నా, పనిచేస్తోంది.