సిగ్‌పాత్‌తో మనమే మార్చాలా, ఎమ్‌సిస్2కే వదిలేయాలా?

విండోస్‌లో యునిక్స్ తరహా కమాండ్లు వాడుకోనిచ్చే సిగ్విన్ షెల్ నుంచి విండోస్ ప్రోగ్రామ్‌ని నడిపితే, మనం ఇచ్చిన పాత్‌ని (ఫైల్ ఎక్కడుందో చెప్పే చిరునామాని) అది ఉన్నదున్నట్టు పంపేస్తుంది. యునిక్స్ పాత్‌ని విండోస్ పాత్‌గా మార్చే సిగ్‌పాత్ కమాండ్‌తో మార్చుకునే పని మనదే. సిగ్విన్ లాంటిదే అయిన ఎమ్‌సిస్2 అలా కాదు, ఆర్గ్యుమెంట్ (ప్రోగ్రామ్‌కి మనం ఇచ్చే మాట) యునిక్స్ పాత్‌లా కనిపిస్తే చాలు, అడగకుండానే మార్చేస్తుంది. రోజువారీ పనికి ఇదే హాయి.

చిక్కంతా ఆ 'కనిపిస్తే' దగ్గరే. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపే విండోస్ కమాండ్ టాస్క్‌కిల్‌కి స్లాష్ ఎఫ్ (/F) ఆప్షన్ ఇచ్చి చూడండి. అదేదో ఎఫ్ డ్రైవ్ అనుకుని ఎమ్‌సిస్2 మార్చేస్తుంది. ఇదేం ఆప్షన్ అంటూ టాస్క్‌కిల్ మొండికేస్తుంది. ముందు రెండు స్లాష్‌లు పెడితే సర్దుకుంటుంది. అది తెలిసేదాకా తల పట్టుకోవడమే!

అందుకే స్క్రిప్టుల్లో నా ఓటు సిగ్‌పాత్‌కే. దాంట్లో బ్యాక్‌స్లాష్‌ల విండోస్ పాత్ ఇచ్చే డబ్ల్యూ (-w) బదులు ఎమ్ (-m) ఆప్షన్ వాడితే డ్రైవ్ అక్షరం వస్తుంది, స్లాష్‌లు మాత్రం మామూలువే ఉంటాయి. బ్యాక్‌స్లాష్‌లను షెల్ మింగేస్తుందన్న టెన్షన్ ఉండదు. పాత్‌లో ఖాళీలుంటే కోట్స్ ఎలాగూ తప్పవు.