హవీలా కాస్టర్: బ్యాటరీ మీద ఎంత, గ్యాస్ మీద ఎంత

ఈ ఓడ ప్రయాణమంతా బ్యాటరీ మీదే నడుస్తుందని మాకు టికెట్లు ఇప్పించిన ట్రావెల్ ఏజెంటు చెప్పాడు. అది నిజం కాదు. నార్వేలోని బెర్గెన్ నుంచి రష్యా సరిహద్దు దగ్గరి కిర్కెనెస్ దాకా వెళ్లి, 34 రేవుల్లో ఆగుతూ 12 రోజుల్లో తిరిగివచ్చే హవీలా కాస్టర్, బ్యాటరీ నిండుగా ఉంటే దానిమీద సుమారు నాలుగు గంటలు నడవగలదు. మిగతా దూరానికి ద్రవరూపంలో నిల్వచేసిన సహజవాయువు, అంటే ఎల్ఎన్‌జీతో నడిచే ఇంజన్లే దిక్కు. ఏజెంటు మాట నమ్మి ఎక్కిన మాకు మొదట కాస్త చిరాకు వేసినా, ఆ నాలుగు గంటలను ఎక్కడ ఖర్చు పెడతారో చూశాక ఓడమీద గౌరవమే పెరిగింది.

వేసవిలో ఉత్తరానికి వెళ్లే ఓడ గైరాంగర్ ఫ్యోర్డ్‌లోకి, అంటే నిటారు కొండల మధ్య లోపలికి చొచ్చుకుపోయిన ఇరుకు సముద్రపు పాయలోకి, మలుపు తిరుగుతుంది. అంతవరకూ మా కేబిన్‌లో బల్లమీద పెట్టిన గ్లాసులోని నీళ్లు సన్నగా వణుకుతూనే ఉన్నాయి. ఇంజన్లు ఆపి బ్యాటరీకి మారిన కొద్దిసేపటికే ఆ వణుకు ఆగిపోయింది. డెక్ మీదికి వెళితే ‘ఏడుగురు అక్కచెల్లెళ్లు’ అని పిలిచే జలపాతాల హోరు, ఓడ ముందుభాగం నీటిని చీల్చే చప్పుడు తప్ప మరొకటి వినిపించలేదు. విశాఖ రేవు పక్కన పెరిగి, ఓడ అంటే నల్లటి పొగా డీజిల్ వాసనా అనుకున్న నాకు, పొగగొట్టం పక్కనే నిలబడి గాలి పీల్చుకోవడం వింతగానే అనిపించింది.

ఇందులోని బ్యాటరీల సామర్థ్యం 6.1 మెగావాట్ అవర్లు. మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే 6,100 యూనిట్లు; నెలకు 200 యూనిట్లు వాడే ముప్ఫై ఇళ్లకు నెలంతా సరిపోయే కరెంటును, 640 మంది ప్రయాణికులను మోయగల ఈ ఓడ నాలుగు గంటల్లో తాగేస్తుందన్న మాట. బ్యాటరీల బరువే 86 టన్నులు. సముద్రం మీద దూరప్రయాణానికి బ్యాటరీ ఒక్కటే ఎందుకు చాలదో ఈ అంకెలే చెబుతాయి. అయినా ఇది వట్టి అలంకారం కాదు: రేవుల్లోకి వచ్చిపోయేటప్పుడు ఇంజన్లమీద ఒక్కసారిగా పడే భారాన్ని బ్యాటరీ పంచుకోవడం వల్ల ఇంధనం కూడా ఆదా అవుతుంది.

కంపెనీ మంచితనం ఒక్కటే దీనికి కారణమని నేను అనుకోను. ఈ తీరమార్గం పర్యాటకులకే కాదు, ఒక రేవులో ఎక్కి మరో రేవులో దిగే స్థానికులకూ సరుకులకూ ఆధారం. అందుకే ఇక్కడ ఓడలు నడిపే కంపెనీలతో 2021 నుంచి మొదలైన కాంట్రాక్టులో, కార్బన్ డయాక్సైడ్‌ను 25 శాతం తగ్గించాలని ప్రభుత్వమే షరతు పెట్టింది. పైగా గైరాంగర్ లాంటి యునెస్కో వారసత్వ ఫ్యోర్డ్‌లలోకి వచ్చే ఓడలు ఉద్గారాలు లేకుండా నడవాలన్న నిబంధన 10,000 టన్నేజీ (బరువు కాదు, ఓడ లోపలి పరిమాణపు కొలత) లోపు ఓడలకు 2026 నుంచి వర్తించేలా పెట్టి, పెద్ద ఓడలకు 2032 దాకా గడువిచ్చారు. ఎక్కువ పొగ వదిలేవాటికే ఎక్కువ వ్యవధి ఇవ్వడం నాకు మింగుడుపడలేదు. హవీలా కాస్టర్ మాత్రం 2022 జూన్‌లోనే, చిన్న ఓడల గడువుకు కూడా మూడున్నరేళ్ల ముందే, ఆ పని చేసి చూపించింది.

ఎల్ఎన్‌జీ విషయంలో అంత ఉదారంగా ఉండలేను. అది మండినప్పుడు గంధకపు పొగ దాదాపు ఉండదు, కార్బన్ డయాక్సైడూ తగ్గుతుంది. కానీ సహజవాయువులో ఎక్కువ భాగం మీథేనే; ఇంజన్‌లో మండకుండా జారిపోయే మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లకు పైగా వేడిని పెంచుతుంది. ఫిన్లాండ్‌లోని తుర్కులో కట్టిన 2,48,663 టన్నేజీ ఐకాన్ ఆఫ్ ది సీస్ వంటి మహానౌకలు కూడా ఈ ఇంధనాన్నే ముందుపెట్టుకుని పర్యావరణం గురించి మాట్లాడుతున్నాయి కాబట్టి, ఈ లోటు హవీలా ఒక్కదానిదే కాదు. తర్వాత హైడ్రోజన్‌కు మారే వీలు ఉంచి ఈ ఓడను డిజైన్ చేశారు గానీ, అది జరిగే వరకు దానికి మార్కులు వేయడం తొందరపాటే.

భోజనశాలలో బఫే లేదు. చిన్న చిన్న పళ్లేల్లో, అడిగినంతే వండి తెస్తారు. చాలకపోతే మళ్లీ అడగవచ్చు. మొదటి పళ్లెం చూసి నా భార్య ‘ఇది చంటిపిల్లాడికి కూడా చాలదు’ అంది గానీ, నాలుగో పళ్లెం దగ్గర ఆమే ఆగింది. బల్లమీద మిగిలిందేమీ లేదు. బఫేల్లో సగం తిని వదిలేసిన పళ్లేల గుట్టలు చూసినవారికి, బ్యాటరీ కంటే ఈ ఏర్పాటే ముందు కంటపడుతుంది.

నౌకలో ఈతకొలనులు, జారుడుబండలు, రాత్రి నాటకాలు కావాలనుకునేవారు దీని జోలికి పోవద్దు. ఫ్యోర్డ్ కోసమే వెళ్లేవారు మాత్రం వేసవిలో వెళ్లాలి. తమ తేదీల్లో ఓడ గైరాంగర్‌లోకి వెళుతుందో లేదో ఏజెంటు నోటిమాట మీద కాక, కాగితం మీద చూసుకుని డబ్బు కట్టాలి. మేం బెర్గెన్‌లో దిగేసరికి, ఎక్కువగా జలవిద్యుత్తే పారే నార్వే గ్రిడ్ నుంచి చెయ్యంత లావు కేబుల్‌ను ఓడకు తగిలిస్తున్నారు.