ఎలక్ట్రిక్ పర్కులేటర్ రివ్యూ: ఇంటినిండా చుట్టాలుంటే దీన్ని మించింది లేదు, కానీ అడుగున ఆ గుంట మాత్రం కడగాలి

ఎలక్ట్రిక్ పర్కులేటర్ అంటే మరిగే నీళ్లని మళ్లీ మళ్లీ కాఫీపొడిలోంచి తిప్పుతూ కాఫీ కాచే కరెంటు గిన్నె. ముందే చెప్పేస్తున్నానండీ, మన ఫిల్టర్ డికాక్షన్ రుచి కోసమైతే ఇది కొనొద్దు. రాత్రి స్టీల్ ఫిల్టర్లో పొడేసి మరిగే నీళ్లు పోసి పడుకుని, పొద్దున్నే ఆ నల్లటి చిక్కటి డికాక్షన్ తీసుకునే అలవాటున్నవాళ్లకి ఇందులోంచి అది రాదు, ఎంత పొడేసినా రాదు. ఇది పనికొచ్చేది వేరే చోట. వ్రతానికో బొమ్మల కొలువు పేరంటానికో పదిమంది వచ్చారు, అందరికీ ఒకేసారి పొగలు కక్కే కాఫీ కావాలి, మనం మాత్రం స్టవ్ దగ్గరే నిలబడిపోకూడదు. అలాంటప్పుడు దీని విలువ తెలుస్తుంది. మేముండేది ఫీనిక్స్ దగ్గర, శీతాకాలం నాలుగు నెలలూ అమెరికాలో నలుమూలల నుంచీ చుట్టాలు దిగుతూనే ఉంటారు, మా ఇంట్లో ఇది షెల్ఫ్ ఎక్కేదే లేదు.

మాది స్టెయిన్‌లెస్ స్టీల్‌ది, 12 కప్పులది. 12 కప్పులంటే మోసపోవద్దు, కాఫీ మెషిన్ల మీద కప్పు అంటే మామూలుగా 5 ఔన్సులు, అంటే సుమారు 150 మిల్లీలీటర్లు, మొత్తం కలిపి పావు తక్కువ రెండు లీటర్ల దాకా వస్తుంది. అమెరికన్ మగ్గుల్లో పోస్తే ఆరు ఏడుకే అయిపోతుంది, మన ఇళ్లలో పాలు కలుపుకుంటాం కాబట్టి ఇంకా చాలామందికి సరిపోతుంది. బ్రాండ్ పేరు రాయట్లేదు ఎందుకంటే ఇక్కడ దొరికే మూడు నాలుగు బ్రాండ్లూ లోపల దాదాపు ఒకటే సరుకు, తేడా అంతా మూత బిగువులో, హ్యాండిల్లో, కాఫీ పోసే మూతిలో. అవి మూడూ షాపులో చేత్తో పట్టుకుని చూసుకుని కొనండి, హ్యాండిల్ వదులుగా ఉంటే నిండుగా వేడి కాఫీతో ఎత్తడం ప్రమాదం. అల్యూమినియంవి కాస్త చవకగా వస్తాయి గానీ నా ఓటు స్టీలుకే.

ఇది పనిచేసే తీరు తెలిస్తే వాడకం, కడగడం రెండూ వాటంతట అవే అర్థమవుతాయి కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. గిన్నె అడుగున మధ్యలో చిన్న గుంట ఉంటుంది, హీటర్ ఉండేది దాని కిందే. ఆ గుంటలో ఉన్న కాసిని నీళ్లు ముందు మరిగి, ఆవిరి బుడగలు నీళ్లని సన్నగొట్టంలోంచి పైకి తోస్తాయి, పైన మూతకున్న గాజు బుడిపెకి కొట్టుకుని, చిల్లుల మూత మీద పడి, కింద బుట్టలో ఉన్న కాఫీపొడిలోంచి దిగి మళ్లీ అడుగుకే చేరతాయి. మళ్లీ పైకి, మళ్లీ కిందకి. గుడగుడ చప్పుడు వినిపించేది అదే. గాజు బుడిపెలోంచి చూస్తే మొదట నీళ్లలాగే ఉండి తర్వాత లేత గోధుమరంగు, ఆ తర్వాత ముదురు రంగు తిరగడం కనిపిస్తుంది. గిన్నె మొత్తం సరిపడా వేడెక్కాక థర్మోస్టాట్ పెద్ద హీటర్ని ఆపేసి వెచ్చగా ఉంచే చిన్న వేడి మీద పెడుతుంది, లైట్ వెలుగుతుంది, చప్పుడు ఆగుతుంది. నిండుగా పోస్తే పది పన్నెండు నిమిషాల పని.

ఒకసారి కాఫీ అయిపోయిన నీళ్లే మళ్లీ పొడిలోకి వెళ్తాయి కాబట్టి కొంచెం చేదు దిగుతుంది, దీని మీద ఎప్పుడూ ఉండే కంప్లైంట్ ఇదే, అది నిజమే. స్టవ్ మీద పెట్టే పర్కులేటర్‌కి 1889లోనే ఇల్లినాయ్‌లో హాన్సన్ గుడ్రిచ్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు, అప్పట్నుంచీ చాలా ఏళ్లు అమెరికా ఇళ్లలో కాఫీ అంటే ఇదే, 1972లో మిస్టర్ కాఫీ అనే బ్రాండు డ్రిప్ మెషిన్, అంటే వేడినీళ్లు పొడిలోంచి ఒక్కసారే చుక్కలుగా దిగేది, వచ్చాక జనం అటు మళ్లిపోయారు. డ్రిప్‌లో చేదు తక్కువ, ఒప్పుకుంటా. కానీ మనలాగా పాలు పోసుకునేవాళ్లకి మామూలు డ్రిప్ మెషిన్ కాఫీ పాలు పడేసరికి గోరువెచ్చగా అయిపోతుంది, దీంట్లోది మాత్రం పాలు పోశాక కూడా నాలుక కాలేంత వేడిగా ఉంటుంది. కాఫీ వేడిగా లేకపోతే ముట్టుకోని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఒక్క కారణానికే కొనొచ్చు. పైగా పాలు, పంచదార పడ్డాక ఆ కొంచెం చేదు అసలు అడ్డు రాదు, నిజానికి బావుంటుంది.

ఇక పొడి. సగం రుచి ఇక్కడే తేలిపోతుంది. పొడి బరకగా ఉండాలి, ఉప్మా రవ్వంత బరకగా. ఇండియన్ స్టోర్లో దొరికే ఫిల్టర్ కాఫీ పొడి, ముఖ్యంగా చికోరీ కలిపింది, దీంట్లో వద్దు. అది మెత్తగా ఉంటుంది, బుట్ట చిల్లుల్లోంచి జారి కప్పు అడుగున మడ్డిలా దిగుతుంది, చికోరీ నీరు పీల్చి బంకలా పట్టేసి పైనుంచి పడే నీళ్లు దిగక బుట్ట అంచులమీద నుంచి పొడితో సహా పొర్లుతుంది. చికోరీ రుచి లేకుండా ఉండలేం అనేవాళ్లకి మధ్యలో చిల్లున్న గుండ్రటి పేపర్ ఫిల్టర్లు దొరుకుతాయి, అవి బుట్టలో పరిచి పొడి తక్కువేసి చూడొచ్చు, కానీ గింజలు కొనుక్కుని బరకగా పట్టించుకోవడమే హాయి. మా ఇంట్లో ఇండియా నుంచి ఎవరొచ్చినా అరకు కాఫీ గింజలు తెప్పించుకుంటాం, అరకు లోయ అరబికాకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతానికే చెందిన సరుకన్న గుర్తింపు, వచ్చింది కదా, అది పర్కులేటర్లో చేసినా ఘాటు పోకుండా చేదు మరీ ముదరకుండా వస్తోంది. మరీ నల్లగా వేయించిన గింజలు దీంట్లో మాడు వాసనొస్తాయి, మీడియం రోస్ట్ చాలు.

కొలత, కప్పుకి ఒక టేబుల్‌స్పూన్ అని చెప్తారు, అది బ్లాక్ కాఫీకి. పాల కాఫీకైతే ఒకటిన్నర వేయండి, బుట్టలో మాత్రం మూడింట రెండొంతులు దాటనివ్వొద్దు, పొడి ఉబ్బుతుంది. పొడి వేసేముందు బుట్టని ఒకసారి నీళ్లతో తడిపితే సన్నపొడి కిందకి రాలదు, వేసేటప్పుడు గొట్టం పైమూతిని వేలితో మూసి పెట్టుకోండి. నీళ్లు ఎప్పుడూ చల్లవే పోయాలి. తొందరగా అవుతుందని వేడినీళ్లు పోస్తే గిన్నె ముందే వేడిగా ఉంటుంది కాబట్టి థర్మోస్టాట్ తొందరపడి ఆపేస్తుంది, నీళ్లకాఫీ వస్తుంది. రెండో విడత పెట్టాలన్నా ముందు గిన్నె చల్లారాలి. నాలుగు కప్పుల కంటే తక్కువకి ఇది పెట్టకండి, ఇద్దరికైతే ఫిల్టరే నయం.

లైట్ వెలగగానే గొట్టంతో సహా బుట్ట తీసేయండి, చెయ్యి కాలకుండా గుడ్డతో. అది లోపలే ఉంటే ఆవిరి చుక్కలు పిప్పిలోంచి కారుతూ చేదు పెంచుతాయి. ఒక గంట దాకా ఇబ్బంది లేదు, ఆ తర్వాత వెచ్చగా ఉన్నా రుచి ముదిరిపోతుంది, ఫ్లాస్కులో పోసి పెట్టుకోవడం మంచిది. పాలు విడిగా కాచుకోండి, హోల్ మిల్క్ కాస్త మరిగించి చిక్కబరిస్తే చాలు. పర్కులేటర్ లోపల పాలు, పంచదార ఏవీ పోయొద్దు, ఆ గుంటలో మాడి అంటుకుంటే వదలవు.

గుంట గురించి. పర్కులేటర్ పాడైంది అని పడేసేవాళ్లలో చాలామందిది పాడవలేదు, గుంటలో ఉప్పు పొర కట్టింది అంతే. మా ఫీనిక్స్ నీళ్లు ఎంత గట్టివో ఇక్కడున్నవాళ్లకి తెలుసు, కుళాయిల మూతులకి తెల్లగా పేరుకుంటుంది కదా, అదే ఈ గుంటలోనూ పేరుకుంటుంది. అప్పుడు నీళ్లు వేడెక్కుతాయి గానీ పైకి ఎగరవు, చప్పుడుండదు, కాఫీ రంగే ఉండదు. గొట్టం అడుగున కదిలే చిన్న వాషర్ బిళ్ళ పిప్పితో అతుక్కుపోయినా ఇదే పరిస్థితి, గొట్టం గుంటలో సరిగ్గా కూర్చోకపోయినా ఇదే. కాబట్టి కొత్తది కొనేముందు ఈ మూడూ చూడండి.

వాడిన ప్రతిసారీ గుంటని ప్లాస్టిక్ స్క్రబ్బర్‌తో రుద్దాలి, స్టీల్ పీచు వద్దు. గొట్టంలోకి దూరే సన్నటి పొడుగాటి బ్రష్ ఒకటి కొనుక్కోండి, స్ట్రాలు కడిగేది సరిపోతుంది. నెలకోసారి సగం నీళ్లు సగం తెల్ల వెనిగర్ పోసి, పొడి లేకుండా, ఒక విడత పూర్తిగా తిప్పి, చల్లారాక పారబోసి, ఉత్తి నీళ్లతో ఇంకో విడత. లోపల గోడలకి పట్టే గోధుమరంగు జిడ్డు, అది కాఫీ నూనె, వెనిగర్‌కి లొంగదు, దానికి వంటసోడా నీళ్లు పోసి అలాగే తిప్పాలి. రెండూ కలిపి పోయొద్దు, ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. ఆ జిడ్డు వదిలేస్తే ఎంత మంచి పొడేసినా పాత నూనె వాసనే వస్తుంది.

గిన్నెని నీళ్లలో ముంచొద్దు, కింద కరెంటు ఉంది, డిష్‌వాషర్లోకి బుట్టా గొట్టమూ వెళ్లొచ్చని బుక్‌లెట్లో ఉంటే అవి మాత్రమే. ఖాళీ గిన్నె ప్లగ్‌కి తగిలించొద్దు, లోపల ఫ్యూజ్ పోతే బాగుచేయించడం కొన్నంత ఖర్చు. చాలా మోడళ్లకి ఆన్ ఆఫ్ స్విచ్చే ఉండదు, ప్లగ్ పెడితే మొదలు, తీస్తే ఆగుతుంది, ఇది నాకు నచ్చని విషయం, పిల్లలున్న ఇంట్లో ఎత్తు మీదే పెట్టాలి. వైరు కూడా పొట్టిగానే ఇస్తారు.

ఇండియాకి అమ్మావాళ్లకి పట్టుకెళ్లొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. వద్దండీ. ఇక్కడిది 120 వోల్టులది, అక్కడ 230, నేరుగా పెడితే కాలిపోతుంది, హీటర్ ఉన్న వస్తువు కాబట్టి చిన్న ట్రావెల్ కన్వర్టర్ ఆగదు, 1000 వాట్లు పైబడిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది కాఫీ కుండ కంటే బరువు.