బ్రిడ్జిలో ప్రెసిషన్ సిస్టమ్: తొమ్మిదేళ్లు ఆడాక

బ్రిడ్జి పేకాటలో ఎన్ని ట్రిక్కులు గెలుస్తామో ముందు వేలంపాటలా బిడ్ చేయాలి, ఏ బిడ్‌కి ఏం అర్థమో పార్టనర్లిద్దరూ ముందే కుదుర్చుకునే పద్ధతే సిస్టమ్. మేమూ మొదట్లో అందరిలాగే టూ ఓవర్ వన్ అనే సిస్టమ్ ఆడేవాళ్లం. తొమ్మిదేళ్ల కిందట నా పార్టనర్ గారు, బ్యాంకులో నాకు సీనియర్, "ప్రెసిషన్‌కి మారదామయ్యా, కొన్నాళ్లు ఓడినా ఫర్వాలేదు" అన్నారు. మారాం. ఆరు నెలలు ఓడాం కూడా. ఇప్పుడు మళ్లీ పాతదానికి రమ్మంటే మాత్రం నేను రాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. చేతిలో 16 పాయింట్లు (ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1), ఆపైన ఉంటే ముక్కలు ఎలా పడినా వన్ క్లబ్ అంటాం, క్లబ్ ఒక్కటీ లేకపోయినా సరే. పార్టనర్‌కి 7 వరకు ఉంటే వన్ డైమండ్ అంటారు, 8 నుంచి అయితే ఇంకో బిడ్ చేస్తారు, ఇక గేమ్ (బోనస్ వచ్చే బిడ్) దాకా ఆగేది లేదు. సి.సి. వెయ్ అనే నౌకల వ్యాపారి దీన్ని తయారుచేశారు. 1969 బెర్ముడా బౌల్‌లో, అంటే ప్రపంచ జట్ల పోటీలో, తైవాన్ జట్టు ఇదే ఆడి ఫైనల్ దాకా వెళ్లి ఇటలీ చేతిలో ఓడింది, ఆ దెబ్బతో దీని పేరు అందరికీ తెలిసింది.

అందరూ వన్ క్లబ్ గురించే మాట్లాడతారు గానీ అసలు సుఖం మిగతా ఓపెనింగుల్లో (మొదటి బిడ్‌లలో) ఉంది. పార్టనర్ వన్ స్పేడ్ అన్నారంటే 11 నుంచి 15, అంతే. నా దగ్గర 8 పాయింట్లు, రెండు స్పేడ్లు ఉంటే నిశ్చింతగా పాస్ అంటాను, ఇద్దరివీ కలిపినా 23 దాటవు కదా. టూ ఓవర్ వన్‌లో అదే చేతితో వన్ నోట్రంప్ (తురుపు లేని ఆట) అనక తప్పదు, పార్టనర్ చేతిలో 20 ఉన్నా ఉండొచ్చు. టూ లెవెల్‌కి (ఎనిమిది ట్రిక్కులు గెలవాలి) వెళ్లి ఒక ట్రిక్కు తగ్గిన ఆటలు ఎన్ని పోగొట్టుకున్నామో, అవన్నీ ఇప్పుడు మాకు మిగులుతున్నాయి.

దెబ్బ తినేది వన్ క్లబ్ దగ్గరే. ఒక టీమ్ మ్యాచ్‌లో నాకు స్పేడ్లలో ఆసు, రాజు, రాణితో ఐదు, హార్ట్ ఒక్కటి, మొత్తం 19 పాయింట్లు వచ్చాయి. వన్ క్లబ్ అన్నాను. ఎడమవైపాయన నేరుగా ఫోర్ హార్ట్స్ అనేశాడు. రెండు పాస్‌లు తిరిగి మళ్లీ నా దగ్గరికి వచ్చేసరికి నేను ఒక్క రంగూ చెప్పలేదు. డబుల్ (వాళ్లు తగ్గితే మాకు ఎక్కువ పాయింట్లు) అన్నాను, మూడు స్పేడ్లున్న పార్టనర్ గారు పాస్ అన్నారు, వాళ్లకు ఒక్క ట్రిక్కే తగ్గింది, మాకు 100. అవే ముక్కలు ఆడిన అవతలి టేబుల్లో ఓపెనింగే వన్ స్పేడ్ కాబట్టి ఫోర్ స్పేడ్స్ సునాయాసంగా చేరి 420 కొట్టారు. రెండు టేబుళ్ల తేడాని లెక్కగట్టే ఇంప్‌లు ఎనిమిది పోయాయి. నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత నోట్‌బుక్ పెట్టుకుని రాసుకున్నాం: వన్ క్లబ్ మీద అవతలివాళ్లు వన్ లెవెల్లో ఏదన్నా అంటే పార్టనర్ పాస్ అంటే 0-4 పాయింట్లు, డబుల్ అంటే 5-7. నాలుగో లెవెల్ దాకా దూకితే మాత్రం ఇప్పటికీ టెన్షనే, ఆ రిస్కు ఈ సిస్టమ్‌తోనే వస్తుంది. అందుకే వారానికో కొత్త పార్టనర్‌తో ఆడేవాళ్లకు నేను దీన్ని చెప్పను. ఒకరితోనే ఏళ్ల తరబడి కూర్చునే ఓపిక ఉంటే తప్పకుండా నేర్చుకోండి.

వన్ డైమండ్ ఓపెనింగ్ మాత్రం నాకు నచ్చదు. ఎటూ కాని చేతులన్నీ అందులోనే పడతాయి, రెండు డైమండ్లే ఉన్నా అదే అనాలి, పార్టనర్ సపోర్ట్ చెయ్యాలంటే భయపడతారు. వన్ నోట్రంప్‌ని 13-15 నుంచి 14-16కి జరిపి చూశాం. నోట్రంప్ బాగుపడింది, వన్ డైమండ్ మీద ఇంకాస్త బరువు పడింది.